జైనూరు కొండలలో వానకాలపు విహారయాత్ర

విహారయాత్రకు వేసవియు శీతకాలమును మాత్రమే తగిన ఋతువులని మన పెద్దలలో ఒక తలంపు కలదు. ఆ తలంపు తీరప్రాంతములకు చెల్లునేమో గాని, మన ఉత్తర తెలంగాణపు కొండలకు చెల్లదు. చైత్ర వైశాఖములలో ఆదిలాబాదు అడవిని చూచినవాడు అడవిని చూడలేదనియే మేము చెప్పుదుము. అప్పుడు టేకు ఆకు రాలి యుండును. వాగులు ఇసుక చారలై యుండును. జలపాతమని పేరు పొందిన చోట తడి మరక మాత్రము కానవచ్చును. ఆ కొండలే మృగశిర కార్తెలో తొలకరి పడి నెల దినములు గడచునప్పటికి మరియొక దేశమువలె మారిపోవును. కావున ఈ సంచికలో మా పాఠకులైన విద్యార్థులకు జైనూరు ప్రాంతమును వానకాలమున ఎట్లు చూడవలెనో, చూచునప్పుడు ఏమి తెలిసికొనవచ్చునో, ఎచ్చట నిలిచిపోవలెనో వ్రాయుటకు పూనుకొంటిమి.

ముందుగా స్థలమును గూర్చి. జైనూరు పూర్వము ఆదిలాబాదు జిల్లాలోని మండలము. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు ఆసిఫాబాదు కేంద్రముగా ఏర్పడి కుమురం భీము పేరు ధరించిన జిల్లాలో చేరెను. ఆదిలాబాదు నుండి వచ్చువారు గుడిహత్నూరు, ఇంద్రవెల్లి, ఉట్నూరుల మీదుగా వత్తురు. రైలులో వచ్చువారు కాజీపేట బల్లార్షా మార్గమున ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగి, కెరమెరి ఘాటు ఎక్కి వత్తురు. రెండవ దారియే మాకు ప్రియమైనది. క్రింది మైదానము నుండి బండి మలుపులు తిరుగుచు పైకెక్కుచుండగా మేఘము రోడ్డుమీదికే దిగి వచ్చును. ఒక మలుపులో ఎదుటి చెట్టు కానరాదు, మరుమలుపులో లోయ అంతయు తేటపడి దూరపు పైరు చాళ్లుకూడ లెక్కపెట్టవచ్చును. పైకి చేరిన పిదప మనము నిలిచియున్నది ఒక పీఠభూమి. దీని నీరు కొంత తూర్పుగా పెద్దవాగులో పడి ప్రాణహితకు పోవును; కొంత పడమర దక్షిణములుగా కడెమునకు పోవును. రెండును కడపట గోదావరిలోనే కలియును. గొడుగు మీద పడిన చినుకు ఏ దారిన సముద్రము చేరునో ఆలోచించుకొనుటకు ఇంతకంటె మంచి చోటు లేదు.

ఇచ్చట నీటికి గల పేర్లను విద్యార్థులు నేర్చుకొనవలెను. నిఘంటువులలో అన్నిటికిని ప్రవాహమని ఒక్క అర్థమే వ్రాసినను, వాడుకలో భేదము కలదు. చేను గట్టున పుట్టి వాన వెలిసిన గంటకు ఎండునది ఒర్రె. ఒర్రెలు కలిసి కొన్ని నెలలు పారునది వాగు. నీరు పడి రాతిని తొలిచి చేసిన లోతైన గుంట గుండము. లింగాపూరు మండలములో పిట్టగూడ చెంత అడవిలో నున్న జలపాతమునకు సప్తగుండాలు అను పేరు వచ్చుట ఇందువలననే. ఒక్క ఎత్తున దుమికి ఊరకుండక, ఆ నీరు ఏడు చోట్ల దుమికి ఏడు గుండములను చేసికొనుచు పోవును. మిట్టె జలపాతమనియు దానినే అందురు. ఇంకొక సంగతి. తెలుగులో ఏరు అనగా పారు నది. గోండి భాషలో ఏర్ అనగా నీరు. రెండును ద్రావిడ భాషలే గనుక ఈ చుట్టరికము. గోండులు తమ్ము తాము కోయతూర్ అని చెప్పుకొందురు. వారి ఇంట దాహమడుగువాడు ఈ ఒక్క మాట తెలిసి యుండినచో ఆతిథ్యము రెట్టింపగుట మేము చూచితిమి.

ఇక వానను గూర్చి. ఈ ప్రాంతమున ఏటికి వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అందులో మూడు పాళ్లకు పైగా నైరుతి ఋతుపవనము తెచ్చునదే, అనగా జూను నుండి సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే. తొలకరి పడిన వెంటనే వాగులు పొంగవు. కారణమేమి? ఈ పీఠభూమి మీది నేలలో చాల భాగము దక్కను నల్లరాయి చివికి ఏర్పడిన నల్లరేగడి. వేసవిలో ఆ నేల చేయి పట్టునంత వెడల్పున బీటలు వారును. మొదటి వానలు ఆ బీటలలో దిగిపోవును. కొన్ని వానలకు మన్ను ఉబ్బి బీటలు మూసికొనును. ఆ మీదట నల్లరేగడి నీటిని లోనికి రానీయదు; పళ్లెము మీద పోసినట్లు నీరు జారిపోవును. కావుననే జూనులో రెండు గంటల వానకు పారని ఒర్రె, ఆగస్టులో అరగంట వానకు మనిషిని ముంచును. ఆర్ద్ర కార్తెలో చేలగట్ల మీద ఎఱ్ఱని ముఖమలు బొట్టువంటి ఆరుద్ర పురుగులు తిరుగు దినములలో వచ్చినవాడు వాగును చూచి, ఇది పిల్లవాగే గదా అని అనుకొనును. అదే తలంపుతో శ్రావణములో మరల వచ్చుటయే ప్రమాదము.

లెక్కల తరగతి విద్యార్థులు ఈ చిన్న లెక్కను చేసి చూడవలెను. ఒక చదరపు కిలోమీటరు నేలమీద 1 సెంటీమీటరు వాన పడినచో ఆ నీరు 10,000 ఘనపు మీటర్లు, అనగా ఒక కోటి లీటర్లు. ఒక వాగునకు నీరు చేర్చు కొండవాలు 20 చదరపు కిలోమీటర్లనుకొందము. దానిమీద 5 సెంటీమీటర్లు కురిసినది. నేల తడిసి యున్నందున అందులో సగము జారి రెండు గంటలలో వాగులోనికి వచ్చినది. మొత్తము 5 లక్షల ఘనపు మీటర్లు. క్షణమునకు సుమారు 70 ఘనపు మీటర్లు. ఉదయము చీలమండ తడియని వాగు మధ్యాహ్నము ఇంత నీటిని మోయవలెను. ఆ 20 చదరపు కిలోమీటర్లు మన కంటికి కానరాని కొండ వెనుక నుండవచ్చును. మన నెత్తిమీద ఎండ కాయుచునే యుండవచ్చును. నగరముల నుండి వచ్చువారు చాలమంది గ్రహింపనిది ఇదియే. వాన ఇక్కడ లేదు గనుక వాగు పెరుగదని వారు వాదింతురు.

మోకాలి లోతు నీరేమి చేయునని అడుగువారికి మరియొక లెక్క. పారు నీటి తోపుడు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. మోకాళ్ల వరకు నీటిలో నిలిచిన పెద్దవాని కాళ్లకు తగులు నీటి వెడల్పును ఎత్తును గుణించిన చదరపు మీటరులో పదవ వంతు. నీరు క్షణమునకు 2 మీటర్లు పోవుచున్నచో కాళ్ల మీది తోపుడు సుమారు 20 కిలోల బరువు. వేగము రెట్టింపైనచో తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అనగా 80 కిలోలు. అడుగున పాకుడు పట్టిన గుండ్రాళ్లు. ఇంక ఈత వచ్చునా రాదా అను ప్రశ్నకు తావెక్కడిది? సైకిలుమోటారు వాహనములతో నీరు పొర్లు వంతెనలు దాటుటకు సాహసించువారికిని ఇదే లెక్క.

ఒక ఏడు మేము ఉన్నత తరగతుల బాలురతో పోవుచుండగా ఇట్టి వాగొకటి మమ్ము ఆపినది. గట్టున ఒక వృద్ధ గోండు రైతు ఎడ్లతో నిలిచియుండెను. మా బాలురలో ఇద్దరు పంట్లాములు పైకి మడచుచుండగా ఆయన చేయెత్తి, "ఆగుండ్రి బిడ్డా, నీళ్లల్ల ఆకులు, పుల్లలు సూడుండ్రి. ఒడ్డుమీది చెత్త కొట్టుకొస్తున్నదంటే వాగు ఇంకా ఎక్కుతున్నట్టు" అనెను. పిదప ఒక పుల్లను నీటి అంచున నాటి, దాని ప్రక్క కూర్చుండెను. "తాతా, ఎంతసేపు?" అని ఒక బాలుడడుగగా, "పుల్ల చెప్తది బిడ్డా" అని మాత్రము పలికెను. పావుగంటలో పుల్ల మునిగిపోయినది. రెండవ పుల్లయు మునిగినది. మూడవ పుల్ల అట్లే నిలిచి, కొంతసేపటికి దాని మొదలు పొడి నేలను చేరెను. మొత్తము మూడు గంటలు. ఆ మూడు గంటలలో మా బాలురు ఆయన ఎడ్ల పేర్లను, ఆయన చేనిలో పత్తి సాళ్ల నడుమ కంది ఎందుకు వేయునో, ఎన్నవ వానకు జొన్న విత్తునో తెలిసికొనిరి. పటము వేసి ప్రశ్నలడిగినను మా తరగతి గదిలో అంత పాఠము జరుగదు. శిక్షణ కళాశాలలో మాకు పరిశీలన పద్ధతి యని నేర్పినది ఆ పుల్లలో కలదు.

జలపాతములలో ప్రఖ్యాతి పొందినది కుంటాల. నేరెడిగొండ మండలములో కడెము నది ఒక్కసారిగా సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి మెట్లు మెట్లుగా దిగును. దుష్యంతుని శకుంతల ఇచ్చట విహరించుటచే ఆ పేరు వచ్చెనని జనులు చెప్పుదురు, అది కథ. మహాశివరాత్రినాడు అచ్చటి సోమేశ్వర లింగములను దర్శించుటకు వేలకొలది జనులు వత్తురు, అది నిజము. అదే నది మీద ఎగువన బోథు దిక్కున పొచ్చెర యున్నది. ఎత్తు తక్కువ, సుమారు 20 మీటర్లు. కాని వెడల్పున పరచుకొని పడుటచే ఆ హోరు ఎక్కువ. రెంటిలో దేనిని చూడవలెనని మమ్మడుగు బాలురకు మేము పొచ్చెరను చెప్పుదుము, ఏలయనగా అచ్చట దూరము నుండియే చాలినంత చూడవచ్చును. కుంటాల దగ్గర మెట్లు క్రిందివరకు ఉండుటచే కాలు ఊరకుండదు.

కుంటాల గుండములో ప్రాణములు పోయినవారు ఒకరు ఇద్దరు కారు. అందులో ఎక్కువమంది యువకులు. ఈత నేర్చినవారును కలరు. నీరు పైనుండి పడిన చోట అడుగునకు పోయి రాతి సందుల క్రింద సుడి తిరిగి మరల పైకి వచ్చును. ఆ సుడిలో చిక్కినవానిని పైకి వచ్చు నీరు తిరిగి ధార క్రిందికే ఈడ్చును. ధారలో గాలి బుడగలు నిండియుండుటచే ఆ నీరు తేలిక. అందు శరీరము తేలదు. పైని బండలకు కంటికి తెలియని సన్నని పాకుడు పట్టియుండును. ఛాయాచిత్రముల కొరకు వెనుకకు ఒక అడుగు వేయువారు, మద్యము సేవించి స్నేహితుల యెదుట ధైర్యము చూపువారు అచ్చటనే జారుదురు. హెచ్చరిక పలకలు కలవు; వానిని ఆనుకొనియే ఛాయాచిత్రములు తీసికొనువారును కలరు.

కడెము ఎంత బలముగలదో తెలియవలెనన్న దిగువనున్న ఆనకట్ట చరిత్రను చూడవలెను. 1958లో వరద ఆ కట్టను తెంచెను. తరువాత దానిని బలపరచి 18 తలుపులతో నిలిపిరి. 2022 జూలైలో ఆ తలుపులన్నిటి నుండి సుమారు మూడు లక్షల క్యూసెక్కులు మాత్రమే విడువగల చోటికి ఐదు లక్షలకు మించి నీరు వచ్చి కట్టమీదుగా పొర్లినది. దిగువ గ్రామముల జనులను రాత్రికి రాత్రి ఖాళీ చేయించిరి. కట్ట నిలిచినది. కుంటాల దగ్గర మనము వేడుకతో చూచు తెల్లని ధారయే ఆ నీరు.

ఉరుముల సంగతి కొంచెము. మెఱుపు కనబడిన క్షణము నుండి ఉరుము వినబడువరకు లెక్కించి, ఆ సంఖ్యను మూడుతో భాగించిన వచ్చునది కిలోమీటర్లలో దూరము. ఆ లెక్క పదికి లోపైనచో మైదానము విడిచి ఇంటిలోనికో మోటారుబండిలోనికో పోవలెను. ఒంటరి చెట్టు క్రిందికి ఎన్నడును పోరాదు. ఎడ్లు, మేకలు చెట్ల క్రింద పిడుగు పడి చచ్చుట ఈ ప్రాంతమున ప్రతి ఏడును వినుచున్నదే.

అడవి మాట. చాలమంది వానలలో పూలు లేవందురు. వారు తల పైకెత్తరు. టేకు పూచునది వానకాలముననే. పెద్ద ఆకుల పైన, కొమ్మల కొసల, సన్నని తెల్లని పూలు గుత్తులుగా నిలుచును. దూరమునకు చెట్టు నెత్తిన నురుగు పోసినట్లుండును. మద్ది, తునికి, మోదుగ, వెదురు పచ్చబడును. సంతలలో బోడకాకరకాయలు, అడవి పుట్టగొడుగులు వచ్చును. పుట్టగొడుగులను ఎరిగినవారు ఏరినవే కొనవలెను, మనము ఏరరాదు. జొన్నరొట్టెతో బోడకాకర కూర తినినవాడు పట్టణపు భోజనశాలలను కొన్ని దినములు మరచును. దక్షిణమున జన్నారము దిక్కునకు పోయినచో కవ్వాలు అడవి. 1965లో అభయారణ్యమై 2012లో పులుల రక్షితస్థలమైనది.

జైనూరు మండలములో ఉపాధ్యాయులమైన మాకు అన్నిటికంటె ముఖ్యమైన చోటు జలపాతము కాదు, మార్లవాయి అను చిన్న గోండు గ్రామము. 1940లో, ఇచ్చటికి చేరువనే కెరమెరి కొండలలోని జోడేఘాటు దగ్గర, అడవి భూమి మీద తమ హక్కును కోరి నిలిచిన కుమురం భీమును నిజాము ప్రభుత్వ పోలీసులు కాల్చిచంపిరి. ఆ తిరుగుబాటు ఏల పుట్టెనో తెలిసికొనుటకు ఆ ప్రభుత్వమే ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పంపెను. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండుటచేతను, ఆయన పాసుపోర్టు జర్మనీది యగుటచేతను ఆయన హైదరాబాదు రాజ్యము విడిచి పోరాని స్థితిలో నుండెను. ఆయన తన భార్య ఎలిజబెత్తుతో మార్లవాయిలో పూరియింట కాపురముండి గోండి నేర్చెను. 1943లో అచ్చటనే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణకేంద్రము తెరువబడెను. మొదటి వాచకములు గోండి భాషలో దేవనాగరి లిపిలో సిద్ధమైనవి. పిల్లవానికి ఇంటి భాషలో మొదటి అక్షరము నేర్పి, పిదప రాజ్యభాషకు కొనిపోవలెనను సూత్రమును మేము గ్రంథములలో చదివితిమి. ఆ పూరిపాకలలో అది కార్యరూపమున జరిగినది. 1948లో ఆయన ఆదిలాబాదు రాజగోండులను గూర్చి వ్రాసిన గ్రంథము వెలువడెను. ఎలిజబెత్తు 1987లో హైదరాబాదున మరణింపగా ఆమె కోరికమేరకు మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో మరణించెను; ఆయన సమాధియు ఆమె ప్రక్కనే కలదు.

అచ్చటికి వానలో పోవువారు రెండు విషయములు మనస్సున ఉంచుకొనవలెను. ఒకటి, ఇది విత్తు కాలము. గ్రామములో పెద్దలెవరును లేరని, తమ్మెవరును పలుకరింపలేదని విసుగుకొనిన సందర్శకులను చూచితిమి. వారందరు చేలలో నుందురు. అదనుకు విత్తనము పడనిచో ఆ ఇంట ఆ యేటి కూడు లేదు. పగలు తలుపు మూసియున్న ఇంటి అరుగుమీద బూట్లతో కూర్చుండుట, చేనిలో దిగి ఛాయాచిత్రము తీయుట, మొలకను త్రొక్కుట తగదు. రెండవది, వారి దేవతల రాళ్లు, కర్రస్తంభములు ఊరి అంచున చెట్ల క్రింద నుండును. వానిని ముట్టరాదు, అడిగి దూరము నుండి చూడవలెను. మన ప్రార్థనాలయములలో ఇతరులు ఎట్లు మెలగవలెనని కోరుదుమో వారును అట్లే కోరుదురు.

ప్రయాణమునకు దినములు ఎంచుకొనుటలో మా అభిప్రాయమిది. జూలై మధ్యనుండి ఆగస్టు మధ్యవరకు అతివృష్టి భయము ఎక్కువ. అప్పుడు బాలురను తీసికొనిపోరాదు. ఆగస్టు కడపటి వారములు మేలు. ఆ దినములలో శ్రావణ అమావాస్య వచ్చును; దానినే ఇచ్చట పొలాల అమావాస్య యందురు. ఎడ్లను వాగులో కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడల గంటలు కట్టి, ఊరేగించి, ఆ దినము వానికి నాగలి కట్టరు. వాగు దగ్గర మాతో మూడు గంటలు కూర్చుండిన ఎడ్లకు ఆ పండుగలో ఏ రంగు వేసిరో చూడవలెనని మా బాలురు నేటికిని అడుగుచుందురు. తోడుగా ఆ గ్రామపువాని నొకనిని కూలి ఇచ్చి తీసికొనిపోవలెను. చీకటి పడక ఒక గంట ముందే ఘాటు దిగవలెను. మార్చుకొను బట్టలు, తాళ్లచెప్పులు, అగ్గిపెట్టెను చుట్టుటకు మైనపు గుడ్డ, ఒక పలక బెల్లము, కాచి చల్లార్చిన నీరు ఉండవలెను. వాగు నీరు తేటగా కనబడినను త్రాగరాదు.

సెప్టెంబరు దాటి వానలు వెనుదీయగా జలపాతముల ధార సన్నగిల్లును. అప్పటికి జొన్న కంకి వేయును. దీపావళి దినములలో దండారి బృందములు ఊరూర తిరుగును. నెమలిపింఛముల కిరీటములు ధరించిన గుస్సాడీలు డప్పు దెబ్బకు ఆడుదురు. ఆ ఆటను దేశమంతటికి ఎరిగించిన కనక రాజు ఈ మార్లవాయి వాడే. 2021లో పద్మశ్రీ పొంది, 2024 అక్టోబరులో, దీపావళికి కొన్ని దినముల ముందు మరణించెను. ఆయనవద్ద నేర్చిన యువకులు నేడును ఆడుచున్నారు. వానకాలమున పోయినవారికి ఆ కిరీటములు ఇంటి దూలములకు వ్రేలాడుచు, గుడ్డ చుట్టబడి, తడి తగులకుండ భద్రపరుపబడి కానవచ్చును. అడిగినచో చూపుదురు.